బతికున్నట్టు ఫోటో

చచ్చిపోయిన మనిషి చేతిలో ఫోను ఇంకా వెలుగుతూనే ఉంది. తెర మీద పచ్చటి టిక్కు. దాని కింద చిన్న అక్షరాల్లో, ఎంతో మర్యాదగా: ‘మీ ఫోటో అందింది. మీరు క్షేమంగా ఉన్నట్టు నమోదైంది. ధన్యవాదాలు.’

ముంగిస ఆ మర్యాదని రెండుసార్లు చదివాడు. ముంగిస అన్నది అతని అసలు పేరు కాదు. అసలు పేరు నిఘా డిపార్ట్‌మెంట్‌లో ఎవరికీ తెలియదు, అవసరమూ లేదు. పాముల పుట్టల్లో తలదూర్చి, ప్రాణంతో బయటకొచ్చే అలవాటున్నవాడు కాబట్టి ఆ పేరు అంటుకుపోయింది.

వంటింటి గట్టు మీద సగం తరిగిన ఉల్లిపాయ. టేబుల్ మీద ఆ రోజు పేపరు. స్టవ్‌కీ తలుపుకీ మధ్య నేల మీద ఆస్పత్రి మందుల స్టోర్ కీపరు వెల్లకిలా పడి ఉన్నాడు. గుండెలో ఒకటే తూటా. వెతుక్కుంటూ వచ్చి కాల్చినట్టు లేదు. అడ్రస్ పట్టుకుని తిన్నగా వచ్చి కాల్చినట్టుంది.

గుమ్మంలో కాపలా కానిస్టేబుల్ పాలప్యాకెట్ పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"పాలకని వెళ్ళాను సార్. వీధి చివరిదాకానే. క్యూలో అరగంట పట్టింది."

"నువ్వు వెళ్ళేటప్పుడు ఏం చేస్తున్నాడు?"

"ఫోటో దిగుతున్నాడు సార్, పేపరు పట్టుకుని. పొద్దున్నే అతని టైము కదా. కాస్త నవ్వవయ్యా అంటే నా మీద కసిరాడు కూడా."

"ఈ ఇంటికి ఎప్పుడు మార్చారు?"

"నిన్న సాయంత్రం సార్. పక్కింటివాళ్ళక్కూడా తెలీదు. ఒట్టు. నా పిల్లల మీద ఒట్టు."

"పిల్లల్ని వదిలెయ్. ఆ పాలు కింద పెట్టు."

ఫోటో గోల ఏమిటో ఇక్కడే చెప్పేస్తాను. దేశంలో దాచిపెట్టిన సాక్షుల కోసం ప్రభుత్వం ఒక వెబ్‌సైట్ పెట్టింది. క్షేమ పోర్టల్ అని పేరు. దాక్కున్న సాక్షి వారానికోసారి, తనకిచ్చిన గంటకి, ఆ రోజు పేపరు గుండెకానించి ఫోటో దిగి అందులో అప్‌లోడ్ చెయ్యాలి. తాను బతికే ఉన్నానని తానే రుజువు చేసుకోవాలి. కాపలావాడు పక్కనే కూర్చుని చూస్తున్నా సరే, అది లెక్కలోకి రాదు. ఆఫీసు మనిషిని నమ్మదు, ఫైలుని నమ్ముతుంది. ఈ పద్ధతి కనిపెట్టిన మహానుభావుడికి ప్రమోషన్ కూడా వచ్చింది.

ముంగిస వంటిల్లంతా మళ్ళీ ఒకసారి కలయజూశాడు. కిటికీలు మూసే ఉన్నాయి. ల్యాండ్‌లైన్ లేదు. నిన్నటి నుంచి ఈ ఇంట్లోంచి మనిషి కదల్లేదు, మాట కదల్లేదు. బయటికి పోయింది ఒక్కటే. ఆ ఫోటో.

అతను గబగబా బయటికి నడిచాడు. ఎందుకంటే ఈ కేసులో మిగిలిన సాక్షి ఒక్కతే. ఆమె కూడా వారం వారం ఫోటో పెట్టాలి.

ఆమె అతని అక్క.

*

పైకి అది వాటర్ ఫిల్టర్ల షోరూమ్. లోపల గోడౌన్ దాటి వెళ్తే కిటికీ లేని గది. అందులో పెద్దాయన. డిపార్ట్‌మెంట్‌కి ఆయనే తల, ఆయనే నోరు.

"కూర్చో."

"నిలబడే వింటాను సార్."

"నీలి సీసా ముఠా. సరుకు పైదేశానిది. మన ఆస్పత్రుల్లోకి నీలం సీసాల్లో దొంగ ఇంజెక్షన్లు పంపారు. నీళ్ళూ ఉప్పూ. పిల్లల వార్డు సగం ఖాళీ అయింది. నడిపేది డాక్టర్ అనేవాడు. వాడు డాక్టరూ కాదు, వాడి మొహం చూసినవాడు మన దగ్గర లేడు. వాణ్ణి ఈ దేశంలో ఉరికంబం దాకా తీసుకెళ్ళగలిగే సాక్షులు ఇద్దరు. ఒకడు పొద్దున పోయాడు."

"రెండోది మా అక్క."

"అవును. సీసా మూత విప్పి, మందు వాసన రావట్లేదేమని అడిగిన నర్సు. రేపు కోర్టులో నిలబడాలి."

"ఎక్కడుంది సార్?"

"అది నువ్వడక్కూడదు. నేను చెప్పకూడదు." పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మనలో ఎవడో అడ్రస్‌లు అమ్ముతున్నాడని నా అనుమానం. అందుకే పొద్దున్నే ఆమెని కొత్త ఇంటికి పంపేశాను. దూరం. కాపలావాడి ఫోను ఆపించేశాను. రేపు కోర్టు మెట్లెక్కేదాకా వాడు ఎవరితోనూ మాట్లాడడు, నాతో కూడా."

"ఫోటో?"

"నాలుగింటికి పెడుతుంది. పోర్టల్ ఫోను వేరే. దాంట్లోంచి ఫోటో వెళ్తుంది తప్ప, దానికి కాల్ రాదు."

"సార్, అడ్రస్ అమ్మింది మనిషి కాదు. ఫోటో." ముంగిస టేబుల్ మీద రెండు చేతులూ ఆనించాడు. "ఫోనుతో తీసిన ప్రతి ఫోటో కడుపులో అది ఎక్కడ తీశారో రాసి ఉంటుంది. అక్షాంశం, రేఖాంశం. గుమ్మం దాకా దారి."

"అవన్నీ తీసేస్తారయ్యా. పోర్టల్ కట్టిన కంపెనీ సర్టిఫికెట్ ఇచ్చింది."

"ఎవరు పరీక్ష చేసి ఇచ్చారు?"

"వాళ్ళే."



"అయితే పోర్టల్ మూసెయ్యండి సార్."

"మూస్తే ఇంకా చేటు. గంట దాటినా ఫోటో రాకపోతే సాక్షికి ఆపద అని లెక్క. ఆమె ఉండే చోటుతో సహా చుట్టుపక్కల స్టేషన్లన్నిటికీ అలారం పోతుంది. దానంతటదే. ఆ స్టేషన్లలో ఎన్ని డాక్టర్ జేబులో ఉన్నాయో నాకే తెలీదు." ఆయన గొంతు తగ్గించాడు. "బండి పంపుతాను, కానీ నాలుగులోపు చేరదు. కాబట్టి ఫోటో రావాలి. వచ్చి, నోరు మూసుకుని ఉండాలి. వెళ్ళు. లోపల మనకొక మనిషి ఉంది. ప్రాజెక్ట్ మేనేజరు. కోడ్ పేరు వెండి. రెండేళ్ళుగా మనకి కబుర్లు మోస్తోంది."

"నమ్మొచ్చా?"

"ఖరీదైన మనిషి," అన్నాడు పెద్దాయన. అది జవాబో కాదో ముంగిసకి అర్థం కాలేదు.

*

మధ్యాహ్నానికి ఆకాశం బొగ్గు రంగుకి తిరిగింది. అద్దాల మేడ ముందు ఒక ఏసీ మెకానిక్ దిగాడు. నూనె మరకల నీలం యూనిఫాం, భుజాన గ్యాస్ సిలిండరు, జేబులో టెస్టరు. ఆ టెస్టరు తలుపు పక్కనున్న కార్డ్ రీడరుకి ఆనిస్తే చివరగా గీకిన కార్డుని గుర్తుపెట్టుకుని తలుపు తీసేస్తుంది. చొక్కా రెండో బొత్తం కెమెరా. అది చూసినదంతా పెద్దాయన టేబుల్ మీది తెరకి పోతుంది.

సర్వర్ల అంతస్తులో లిఫ్ట్ తలుపులు తెరుచుకోగానే ఆమె ఎదురుగా నిలబడి ఉంది. నల్లటి జుట్టులో నుదుటి మీంచి వెనక్కి పరిగెత్తే ఒకే ఒక వెండి పాయ. వెండి రంగు సిల్కు కోటు. చూసినవాడు దారి తప్పాల్సిందే. దారి తప్పించడమే ఆమె ఉద్యోగమని అప్పటికి ముంగిసకి తెలియదు.

"ఏసీ చప్పుడు చేస్తోందా మేడమ్?"

"చప్పుడు కాదు, ఏడుస్తోంది."

"గ్యాస్ తగ్గి ఉంటుంది."

"ఊపిరి తగ్గింది." ఆమె నవ్వింది. కోడ్ సరిపోయింది. "రండి మెకానిక్ గారూ. మీకు కావలసినవాణ్ణి చూపిస్తాను."

చలిగా, ఎడతెగని రొదగా ఉన్న హాలు. అద్దాల వెనక సర్వర్లు ఎర్రటి కళ్ళు ఆర్పుతూ వెలిగిస్తూ ఉన్నాయి. చివరి గదిలో రెండు తెరల ముందు ఒక డెవలపరు ముడుచుక్కూర్చున్నాడు. కళ్ళద్దాలు ఎంత మందమంటే ఆఫీసంతా అతన్ని సోడాబుడ్డి అనే పిలుస్తుంది. అతనూ పలుకుతాడు.

"ప్రభుత్వం తరఫున వచ్చారు. వీరికి మన పోర్టల్ ఎంత శుభ్రంగా ఉందో చూపించు," అంది వెండి.

సోడాబుడ్డి పొద్దున చనిపోయినవాడి ఫోటో తెరిచాడు. పేపరు పట్టుకుని, కసురుకున్న మొహం. "చూడండి. లొకేషన్ లేదు, టైము లేదు, ఫోను మోడల్ కూడా లేదు. అన్నీ తీసేశాం."

ఖాళీ. నిజంగానే ఖాళీ.

"తృప్తా?" వెండి గోళ్ళు చూసుకుంది. "మీ పెద్దాయనకి చెప్పండి, దొంగ ఆయన ఇంట్లోనే ఉన్నాడని. కాఫీ తెస్తాను. చక్కెర ఎంత?"

"వద్దు."

"అంత చేదు మనిషా!" అంటూ ఆమె వెళ్ళింది. మడమల చప్పుడు సర్వర్ల రొదలో కలిసిపోయింది.

ముంగిస కుర్చీ లాక్కుని సోడాబుడ్డి మోకాలికి మోకాలు తగిలేలా కూర్చున్నాడు. "తమ్ముడూ, నాకు కంప్యూటర్ భాష రాదనుకో. ఫోటో ఇక్కడికి వస్తుంది. వచ్చింది మొదలు ఏమవుతుంది?"

సోడాబుడ్డికి హుషారొచ్చింది. తన పని గురించి అతన్ని ఎవరూ అడగరు. "ముందు ముక్కలు ముక్కలుగా వస్తుందన్నా. సిగ్నల్ బాగాలేని చోట్ల పెద్ద ఫైలు ఒక్కసారిగా రాదు కదా. ముక్కలన్నీ టెంప్ అనే తాత్కాలిక ఫోల్డర్‌లో పోగవుతాయి. ఆఖరి ముక్క చేరాక అతికిస్తాం. అప్పుడు పరీక్ష. పేరు చివర ఫోటో అని ఉంటే నమ్మం. లోపలి మొదటి అక్షరాలు చూస్తాం. ఫోటో ముసుగులో ఎవడైనా ప్రోగ్రాం పంపితే అక్కడే పట్టుబడతాడు. సైజు చూస్తాం. వాళ్ళు పెట్టిన పేరు తీసేసి మన పేరు పెడతాం. తరవాత చిన్నది చేసి, మొహం చుట్టూ కత్తిరించి, లొకేషన్ తుడిచేసి, పేజీలో చూపిస్తాం. ఎలా ఉంది?"

"అద్భుతం. ఆ చిన్నది చెయ్యకముందు వచ్చిన పెద్దది?"

సోడాబుడ్డి వేళ్ళు కీబోర్డ్ మీదే ఆగిపోయాయి.

"పెద్దదేమవుతుంది తమ్ముడూ?"

"అది... ఒరిజినల్స్ అని ఒక ఫోల్డర్. అందులో పడేస్తాం."

"ఎందుకు?"

"ఎప్పుడైనా పెద్ద సైజు కావాల్సొస్తే... అందరూ అలాగే ఉంచుతారన్నా. పోతే మళ్ళీ రాదు కదా."

"దాన్ని తుడుస్తారా?"

 సోడాబుడ్డే ఆ ఫోల్డర్ తెరిచి, పొద్దున్నటి ఫైలు నొక్కాడు. లొకేషన్ ఉంది. ఇంటి నంబరు దాకా. వెనక వంటింటి గట్టు, దాని మీద ఇంకా తరగని ఉల్లిపాయ.

చూసేవాళ్ళ కోసం కడిగారు. దాచుకున్నది కడగలేదు. పరీక్ష చేసిన ప్రతివాడూ పేజీలో కనిపించే బొమ్మనే చూశాడు, దాని తల్లిని ఎవడూ తెరవలేదు. పెద్ద కంపెనీ, పెద్ద సర్టిఫికెట్, పెద్ద ఫోల్డర్. నిండా అడ్రస్‌లు.

"నేను... నేను చంపానా అన్నా?" అన్నాడు సోడాబుడ్డి.

"ఏడుపు తరవాత. ఈ ఫోల్డర్ బయటినుంచి ఎవరు చదవగలరు?"

"ఎవ్వరూ లేరు. ఒక్క తాళం ఉంది, రిపోర్టుల కోసమని. కొత్త ఫైలు పడగానే దాని లొకేషన్ బయట ఏదో అడ్రస్‌కి పోతుంది. అదీ మేడమ్ పెట్టమంటేనే..."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

సరిగ్గా అప్పుడు కుడివైపు తెర కింద ఒక సన్నటి నీలం గీత మొలిచింది. పక్కన అంకె. నాలుగు శాతం.

"ఏంటది?"

"ఎవరో అప్‌లోడ్ మొదలెట్టారు. సిగ్నల్ చాలా తక్కువున్న చోటు." సోడాబుడ్డి ముందుకు వంగాడు. "నర్సు. నాలుగింటి సాక్షి."

 ఎక్కడో కొండలవతల ఒక గదిలో అక్క పేపరు పట్టుకుని దిగిన ఫోటో, ముక్క ముక్కగా, ఆమె చావుని వీపున మోసుకుంటూ ఇటే నడిచి వస్తోంది.

"ఆపు!"

"ఆపితే అలారం పోతుందన్నా, స్టేషన్లకి."

"అయితే ఒరిజినల్స్‌లో పడకముందే తుడువ్!"

"మూడు లైన్లు. అంతే." కీబోర్డ్ టపటపలాడింది. పదకొండు శాతం. పంతొమ్మిది. "అయిపోయింది. కానీ..."

"ఏం కానీ?"

"లైవ్‌లోకి, అంటే నడుస్తున్న పోర్టల్‌లోకి పంపాలంటే నేనొక్కణ్ణి చాలను. రాసినవాడు వేరు, ఒప్పుకునేవాడు వేరు ఉండాలి. అది కంపెనీ రూలు. మేడమ్ తన ఫోన్‌లో అప్రూవ్ నొక్కాలి."

"నొక్కను," అంది వెనకనుంచి ఒక గొంతు.

వెండి తలుపుకి ఆనుకుని నిలబడి ఉంది. ఒక చేతిలో కాఫీ కప్పు. రెండో చేతిలో పొట్టి పిస్తోలు, మూతికి సైలెన్సరు. కాఫీ ఒలకలేదు. ఆమె చేయి అంత స్థిరంగా ఉంది.

"పాపం, మీ పెద్దాయన రెండేళ్ళుగా నాకు జీతమిస్తున్నాడు. డాక్టర్ మూడేళ్ళుగా ఇస్తున్నాడు. సీనియారిటీ అంటే గౌరవం ఉండాలి కదా." ఆమె తెర వంక చూసింది. ముప్పై ఆరు. "కదలకండి. గీత నిండేదాకా ముగ్గురం కూర్చుని చూద్దాం. గీత నిండగానే లొకేషన్ మా వాళ్ళకి పోతుంది. మధ్యలో మనిషి ఉండడు. ఏ ఊరికి దగ్గరైతే ఆ ఊరి తుపాకులు కదులుతాయి. మీ ప్రభుత్వం ఒక్కటే ఆటోమేటిక్ అనుకున్నారా?"

"మోకాలెత్తు కూడా లేని పిల్లలు చచ్చిపోయారు," అన్నాడు ముంగిస. "నీళ్ళెక్కించి చంపారు."

"నేను వెబ్‌సైట్లు చూసుకుంటాను. ఇంజెక్షన్లు చూసుకోను."

నలభై తొమ్మిది. ముంగిస చూపు ఆమె పిస్తోలు మీద లేదు. గది గోడ మీద ఉద్యోగుల ఫోటోల తెర తిరుగుతోంది. నెల ఉత్తమ ఉద్యోగి, కొత్తగా చేరినవారు, మేనేజర్లు. వెండి మొహం వచ్చింది. గులాబీ రంగు గోడ ముందు, స్టూడియోలో దిగింది. అతని బుర్రలో ఏదో టక్కుమంది.

"తమ్ముడూ, మేడమ్ ఫోటో కూడా ఇదే దారిలో అప్‌లోడ్ అయిందా?"

"అ... అవును. స్టాఫ్ ఫోటోలకి కూడా కోడ్ ఒకటే."

"నోరు మూసుకో," అంది వెండి.

"చేరిన రోజు నుంచీ ఇదే ఫోటోనా?"

"కాదు, మొదట్లో వేరేది ఉండేది. వారం తిరక్కుండా మార్చేశారు."

"మారిస్తే పాతది పోతుందా?"

సోడాబుడ్డి మందపాటి అద్దాల వెనక కళ్ళు మెల్లగా పెద్దవయ్యాయి. పేజీలోంచి పోతుంది. ఫోల్డర్‌లోంచి పోదు. ఇక్కడ ఏదీ పోదు. అతను ఆమె వంక చూడకుండా, భయంతో మెడ భుజాల్లోకి లాక్కుంటూనే, నాలుగు అక్షరాలు కొట్టాడు.

పాత ఫోటో తెరంతా పరుచుకుంది. పేజీ కోసం మొహం చుట్టూ కత్తిరించకముందు వచ్చింది వచ్చినట్టు. చెరువు ఒడ్డున తెల్ల స్తంభాల వరండా. వెండి నవ్వుతోంది. ఆమె భుజం చుట్టూ ఒక చెయ్యి. ఆ చెయ్యి వెంట చూపు పోతే ఒక బట్టతల పెద్దమనిషి, తీరుబాటుగా, కెమెరా వంక చూస్తూ. కింద లొకేషన్. గేటు దాకా.

ఆ మనిషెవరో ముంగిసకి తెలియదు. తెలియాల్సిన పనీ లేకపోయింది. పిస్తోలు మూతి ఒక్క వెంట్రుకవాసి కిందికి వాలింది.  అంతే చాలు.

"డాక్టర్ ఫోటోలో బాగా పడ్డాడు మేడమ్," అన్నాడు.

అరవై ఎనిమిది.

"నిన్నిక్కడే కాల్చేస్తే ఈ ఫోటో ఎవరు చూశారని?"

ముంగిస చొక్కా రెండో బొత్తం మీద వేలు పెట్టాడు. "ఇది చూసింది. నువ్వు కాఫీ తెచ్చినప్పటి నుంచీ ఇది కూడా అప్‌లోడ్ చేస్తూనే ఉంది. పెద్దాయన టేబుల్ మీదికి. ఇంకో గంటలో డాక్టర్ గేటు దగ్గర మా జీపులుంటాయి. వాడు మొదట అడిగేదేంటి? నా ఇల్లు ఎవరు చూపించారని. జైల్లోంచి కూడా మనిషిని చంపించగలడు వాడు. ఎలా చంపిస్తాడో నీకంటే ఎవరికి తెలుసు?"

డెబ్బై ఏడు. ఆమె పెదవుల మీది రంగు తప్ప మొహంలో రంగు మిగల్లేదు.

"నాకేంటి లాభం?"

"వాడు బయటుంటే నువ్వు చస్తావు. వాడు లోపలికి పోయి, వాడి మీద నువ్వే సాక్ష్యం చెబితే బతుకుతావు. సీనియారిటీ లెక్క నువ్వే చూసుకో."

ఎనభై నాలుగు.  సోడాబుడ్డి కళ్ళు మూసుకున్నాడు.

వెండి ఫోను బయటికి తీసింది. "తుడిచేస్తే మావాళ్ళకి అనుమానమొస్తుంది. ఖాళీ ఫోటో వస్తే డాక్టర్ అరగంటలో ఇల్లు మారుస్తాడు."

ఆమె చెప్పింది నిజం. ముంగిస తెర మీది పాత ఫోటో వంక చూశాడు. తరవాత కొత్తగా వస్తున్న అక్క ఫోటో గీత వంక చూశాడు.

"తమ్ముడూ. తుడవకు. మా అక్క ఫోటోలో లొకేషన్ తీసేసి, ఈ ఫోటో లొకేషన్ పెట్టు."

సోడాబుడ్డి నోరు తెరిచాడు, మూశాడు, కొట్టాడు. తొంభై ఒకటి. ఒక తప్పు అక్షరం. చెరిపాడు. తొంభై అయిదు. "పంపాను! మేడమ్, మీ ఫోనుకొచ్చింది!"

ఆమె బొటనవేలు గాల్లో ఆగింది. తొంభై ఎనిమిది. మూడేళ్ళ జీతం ఒక పక్క, మెడకాయ ఒక పక్క. తొంభై తొమ్మిది.

నొక్కింది.

గీత నిండింది. ఆఖరి ముక్క చేరింది. ఫోటో పేజీలో ప్రత్యక్షమైంది. నెరిసిన పాపిడి, పేపరు, ‘ఇంకెన్నాళ్ళురా ఈ తంతు’ అన్నట్టున్న చూపు. అక్క. దాని కింద పచ్చటి టిక్కు.

వెండి పిస్తోలుని కీబోర్డ్ పక్కన పెట్టి, చల్లారిన కాఫీ తనే తాగేసింది.

ముంగిస గబగబా మేడ దిగి, రోడ్డు మీదికొచ్చి, వానలో తడుస్తూ పెద్దాయనకి ఫోన్ చేశాడు.

"ఎక్కడ చచ్చావయ్యా?" అని అరిచాడు ఆయన. "లిఫ్ట్ ఎక్కిన దగ్గర్నుంచీ నీ బొత్తంలో నల్లటి తెర తప్ప ఏమీ లేదు!"

"తెలుసు సార్. ఆ అంతస్తులో ఆఫీసు వైఫై తప్ప ఏ సిగ్నలూ బయటికి పోదు. మీరు రాసుకోండి, అడ్రస్ చెబుతున్నాను."

*

పెద్దాయన జీపులు చెరువు దగ్గరికి చేరేసరికి తెల్ల స్తంభాలకి తూటాల చిల్లులు పడి ఉన్నాయి. ఆ ఊరి తుపాకులు ముందే చేరాయి. ఆ కుర్రాళ్ళకి డాక్టర్ ఎలా ఉంటాడో తెలియదు, తెలియనివ్వకపోవడం ఆయన జాగ్రత్త. ఫోనులో వచ్చిన ఆర్డర్ ఒక్కటే: ఆ ఇంట్లో ఎవరున్నా వదలొద్దు. బీరువా వెనక దూరిన బట్టతల పెద్దమనిషి "నేనేరా! నేనే డాక్టర్ని!" అని గొంతు చించుకుంటుంటే, "అందరూ అలాగే అంటారు తాతా," అంటూ వాళ్ళు బీరువా జరుపుతున్నారు. పోలీసుల్ని చూసి అంతగా ఆనందించిన నేరస్థుణ్ణి పెద్దాయన తన సర్వీసులో చూడలేదు.

కానీ తెల్లారేసరికి డాక్టర్ మాట మార్చేశాడు. తాను డాక్టర్ కాదు. ఆ బంగళా తనది కాదు. చెరువు చూడ్డానికి వచ్చిన అతిథి. కాగితాలన్నీ ఎవరెవరి పేర్లమీదో ఉన్నాయి. ఆయన లాయరు మాత్రం దేశంలోకెల్లా ఖరీదైనవాడు.

కోర్టు హాలు కిక్కిరిసింది. వెనక వరుసలో పిల్లల్ని పోగొట్టుకున్న తల్లులు.  ముంగిస గోడకి ఆనుకుని నిలబడ్డాడు. బోనులో అక్క సీసా కథంతా చెప్పింది. మూత విప్పడం, వాసన లేకపోవడం, వార్డులో ఒక్కొక్క మంచం ఖాళీ కావడం. 

లాయరు లేచాడు. చిరునవ్వు. నల్లకోటు సర్దుకున్నాడు.

"అమ్మా, నా క్లయింటుతో మీకేమీ పరిచయం లేదంటారు."

"లేదు బాబూ."

"ఆయన చెరువుగట్టు బంగళాకి మీరెప్పుడూ వెళ్ళలేదు?"

"అది ఏ దిక్కునుందో కూడా నాకు తెలీదు."

"విచిత్రం!" లాయరు చెయ్యి పైకెత్తి జడ్జి వైపు తిరిగాడు. "అయ్యా, నిన్న సాయంత్రం నాలుగింటికి ఈవిడ స్వయంగా ప్రభుత్వ పోర్టల్‌లో పెట్టిన ఫోటో ఉంది. ఆ ఫోటో లోపలి లొకేషన్ ప్రకారం ఆ సమయానికి ఈవిడ నా క్లయింటు ఇంట్లోనే ఉన్నారు! అంటే ఈ కేసు కట్టుకథ. ఈవిడ ముందుగానే అక్కడికి వెళ్ళి..."

అతనికే ఎక్కడో తేడా కొట్టింది. మాట మధ్యలో ఆగిపోయింది. పక్క బల్ల దగ్గర బట్టతల పెద్దమనిషి కళ్ళు మూసుకున్నాడు.

జడ్జి కలం కింద పెట్టింది. ఆమె తొందరపడలేదు.

"లాయరు గారూ, నాకు రెండు సందేహాలు. పొద్దున మీరే కదా, ఆ ఇల్లు మీ క్లయింటుది కాదన్నారు?"

"అది... అలవాటుగా అన్నానండి..."

"రెండోది. ఆ పోర్టల్‌లో చూపించే ఫోటోల్లో లొకేషన్ ఉండదు. పొద్దున పోలీసులిచ్చిన రిపోర్టులో ఉంది. అది ఒక్క ఒరిజినల్ ఫైల్లోనే ఉందట. అక్కడికి దొంగతాళంతో వెళ్ళేవాళ్ళు తప్ప ఇంకెవరూ చూడలేరట." ఆమె ముందుకు వంగింది. "మీకెవరు చూపించారు?"

వెనక వరుసలో ఒక తల్లి లేచి నిలబడింది. తరవాత ఇంకొకామె.  లాయరు నోరు నీళ్ళలోంచి బయటపడ్డ చేపలా రెండుసార్లు ఆడి ఊరుకుంది.

అక్క బోనులోంచే తమ్ముణ్ణి వెతికి పట్టుకుంది. కళ్ళతోనే పిలిచి, అతను దగ్గరికి రాగానే గొంతు తగ్గించి అడిగింది:

"ఒరేయ్, నేను ఆయనింటికి ఎప్పుడెళ్ళానురా?"

"నిన్న నాలుగింటికక్కా. వెళ్ళావు, వాణ్ణి పట్టించావు, వచ్చేశావు. గడప మాత్రం దాటలేదు."